కరగని తగరం

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది?

ఏ కేసు చేతికొచ్చినా డిటెక్టివ్ దేవకుమారి ముందుగా వేసుకునే ప్రశ్నలు ఈ రెండే. ఎవరు చేశారన్నది ఆ తరవాతి మాట.

అన్యాయం పెద్దింటమ్మకు జరిగింది. తాడేపల్లిగూడెంలో నరసరాజుగారి రైసుమిల్లులో, ఉప్పుడు ధాన్యం నానబోసే తొట్ల దగ్గర కూలికి పనిచేసే మనిషి. సోమవారం పొద్దున్న బాయిలరు పొయ్యి కప్పు చిరిగి, మరిగే నీళ్ళూ ఆవిరీ పొయ్యి నోట్లోంచి ఒక్క పెట్టున ఎగదన్నినప్పుడు ఆ నోటికి ఎదురుగా నిలబడి ఉన్నది ఆమె ఒక్కతే. అరవడానికి కూడా వ్యవధి లేకపోయింది.

ఆమెకు జరిగిన అన్యాయం సోమవారంతో ముగిసింది. ఆమె భర్త సోమరాజుకు జరుగుతున్నది మంగళవారం మొదలైంది. ఆ మిల్లులో బాయిలరు ఫైర్‌మన్ అతడే. పెళ్ళాన్ని ఆవిరిలోంచి బయటికి లాగబోయి మోచేతులదాకా కాల్చుకున్నవాడి మీద, పెళ్ళాన్ని చంపడానికే బాయిలరు పాడుచేశాడని హత్యానేరం మోపారు. శుక్రవారం మధ్యాహ్నం మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నేరం రుజువైతే ఉరికంబమే.

ఈ మాటలు బుధవారంనాడు ఏలూరు ఆసుపత్రి వార్డులోకి అడుగుపెడుతూ దేవకుమారి మనసులో మరొకసారి వరసగా పేర్చుకుంది. యాభయ్యేళ్ళు దాటిన మనిషి. ఇరవయ్యేళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పి, అబద్ధం చెప్పిన పిల్ల కళ్ళు ఎటు తిరుగుతాయో నేర్చుకుని, ఆ విద్యతోనే ఈ వృత్తిలోకి వచ్చింది. తెల్లచీర, నల్లగొడుగు, నడుము దాటే నెరిసిన జడ. ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ రోజు ఆమె గొంతు దాదాపు వినపడటంలేదు.

మంచం పక్కన నేల మీద కూర్చున్న ముసలామె లేచి నిలబడింది. సోమరాజు తల్లి దుర్గమ్మ.

"వొచ్చారా అమ్మగారూ! పాతికేళ్ళుగా ఏమీ అడగనిదాన్ని, ఇప్పుడు కబురెట్టడానికి సిగ్గేసిందండి."

"సిగ్గుపడాల్సింది నువ్వు కాదు దుర్గమ్మా," అంది దేవకుమారి.

పాతికేళ్ళ కిందట కొల్లేటి లంకలో ఒక మిషను బడికి పరీక్షలు జరపడానికి వెళ్తూ దేవకుమారి ఎక్కిన దోనె గాలివానకు తిరగబడింది. ఒడ్డున పదిమంది నిలబడి అయ్యో అంటుంటే, వల పక్కన పడేసి నీళ్ళలోకి దూకింది దుర్గమ్మ ఒక్కతే. మునిగిపోతున్న మనిషి జడ పిడికిట బిగించి ఒడ్డుకు ఈడ్చుకొచ్చింది. తెప్పరిల్లాక దేవకుమారి చేతి గాజులు తీసి ఇవ్వబోతే ఆమె అంతెత్తున లేచింది. "పానానికి గాజులా అమ్మా? పానం అప్పు పానంతోనే తీరాల. ఉండనియ్యండి. మాకూ అవసరం రాకపోదు," అంది. ఆ రోజు ఒడ్డున తల్లికోసం ఏడుస్తూ నిలబడిన అయిదేళ్ళ పిల్లాడే ఇప్పుడు మంచానికి బేడీ వేసి కట్టిన సోమరాజు.

"సోమరాజూ, అడిగినదానికే జవాబు చెప్పు. ఏడవడం తరవాత."

"ఆయ్."

"బాయిలర్లో నీళ్ళు తగ్గాయా?"

"తగ్గాయండి. ఫీడు పంపు గాలి పట్టేసి నీళ్ళు తోడటం మానేసిందండి. గేజి గ్లాసులో చుక్క కనపళ్ళేదండి. మంట లాగేస్తానని ఆఫీసుకెళ్ళి రాజుగారితో చెప్పానండి."

"ఏమన్నాడు?"

"ఇప్పుడు ఆపితే తొట్లలో ధాన్యం పులిసిపోద్ది, గేటు దగ్గర లారీలు నిలబడున్నాయి, పంపు బాగుచేసేదాకా అట్టాగే నడపమన్నారండి. 'ప్లగ్గుందిగా, అంత ముంచుకొస్తే అది కరుగుద్ది. నీకేటిరా భయం?' అన్నారండి."

ప్లగ్గంటే బాయిలరుకు కట్టిన కాపలా. పొయ్యి కప్పులో ఒక రంధ్రం పెట్టి, నడుమ తగరం పోసిన ఇత్తడి బిరడా ఒకటి అందులో బిగిస్తారు. పైన నీళ్ళున్నంతసేపూ తగరం చల్లగా ఉంటుంది. నీళ్ళు అడుగంటితే అది కరిగి కారిపోతుంది. ఆ కన్నంలోంచి ఆవిరి బుస్సున కిందికి దిగి మంటను ఆర్పేస్తుంది. మనిషి ఏమరినా తగరం ఏమరదు. అందుకే బాయిలరువాళ్ళు దానిమీద ప్రాణాలు పెట్టుకుని పనిచేస్తారు.

"పెద్దింటమ్మ పొయ్యి ముందు ఎందుకుంది?"

సోమరాజు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"నేనే నిలబెట్టానండి. 'ఎవురొచ్చి చెప్పినా పిడికెడు ఊక కూడా ఎయ్యనీకు, నే వెళ్ళి రాజుగారితో చెప్పొస్తా' అన్నానండి. తిరిగొస్తా గుమ్మం దాకా వచ్చానండి. అంతే."

"ముందురోజు సాయంత్రం మీ ఇద్దరూ గొడవపడ్డారట. మిల్లంతా విందట."

"పడ్డామండి. ఈ బాయిలరు నాకు భయంగా ఉంది, మన కొల్లేరు మనం పోదాం, చేపలు పట్టుకు బతుకుదాం అందండి. నేనే కేకలేశానండి. నెలజీతం ఉద్యోగం వదులుకుంటామా, బుద్ధుందా అని."

"ఈ మాట పోలీసులతో చెప్పావా?"

"చెప్పానండి. గొడవైందన్నంత వరకే రాసుకున్నారండి."

దేవకుమారి గొడుగు అందుకుంది.

*

గురువారం ఉదయం పాసింజరు దిగి మిల్లుకు చేరేసరికి బాయిలరు షెడ్డులో ఆమెకోసమే సభ తీర్చినట్టుగా ముగ్గురు నిలబడి ఉన్నారు. కేసు చూస్తున్న సబ్ ఇన్‌స్పెక్టరు ముత్యాలరావు. మిల్లు యజమాని నరసరాజు. ఆయన బెజవాడనుంచి పిలిపించుకున్న ప్రైవేటు డిటెక్టివు జోగారావు. జోగారావు పూర్వాశ్రమంలో సర్కిల్ ఇన్‌స్పెక్టరు. ఉద్యోగం వదిలిందిగాని చేతికర్ర వదల్లేదు. మీసాలకు నల్లరంగు, గొంతుకు పాత అధికారం.

"రండి పంతులమ్మగారూ! ఏమిటిలా వచ్చారు? పిల్లలకు పరీక్షలు లేవా?"

"పిల్లలకు అయిపోయాయండి. పెద్దవాళ్ళకు ఉన్నాయి."

ముత్యాలరావు నవ్వు దగ్గుగా మార్చుకున్నాడు. జోగారావు కర్రతో బాయిలరు నెత్తిన చూపించాడు.

"అయితే మీ శ్రమ తగ్గిస్తాను. అదిగో సేఫ్టీ వాల్వు. దాని లివరును ఇనప తీగతో కదలకుండా కట్టేశారు. ప్రెషరు పెరిగితే వాల్వు పైకి లేచి ఆవిరి వదలాలి, లేవలేదు. కట్టగలిగినవాడు ఫైర్‌మన్ ఒక్కడే. ముందురోజు పెళ్ళాంతో గొడవ. తెల్లారి పెళ్ళాన్ని పొయ్యి ముందు నిలబెట్టి తను బయటికి నడిచాడు. ఇంకేం కావాలి?"

"నీళ్ళు తగ్గాయని చెప్పడానికి యజమాని దగ్గరకు వెళ్ళానంటున్నాడు."

"పచ్చి అబద్ధమమ్మా," అన్నాడు నరసరాజు. తెల్లటి పంచె, మెత్తటి మాట. "ఆ పొద్దున్న సోమరాజు నా ఆఫీసు గుమ్మం తొక్కలేదు. ప్రమాణం చెయ్యమంటే చేస్తాను. తన మనిషిని తనే పొట్టనబెట్టుకున్నాడు, పాపం."

ఆ "పాపం" అన్న మాట విన్నాక దేవకుమారి ఆయనవైపు మళ్ళీ చూడలేదు. చీర చెంగు నడుముకు బిగించి, దీపం అడిగి, చల్లారిన పొయ్యి నోట్లోకి నడుమువరకూ దూరింది. ఆ వయసు ఆడమనిషి బూడిదలో పాకడం చూసి ముత్యాలరావు కంగారుపడ్డాడు. ఆమె బయటికొచ్చేసరికి తెల్లచీర నల్లచీరైంది.

"కప్పు రేకు కుండ పొట్టలా కిందికి జారి, జారినచోట చిరిగింది. జారినంతమేరా నీలం తిరిగింది. ఎర్రగా కాలితేగాని ఇనుము అలా జారదు, జోగారావుగారూ."

"పొయ్యిలో ఇనుము కాలక చల్లగా ఉంటుందా?"

"పైన నీళ్ళుంటే కాలదు. కాగితం దొన్నెలో నీళ్ళుపోసి దీపం మీద పెట్టండి, నీళ్ళు మరుగుతాయిగాని కాగితం కాలదు. మూడో ఫారం పిల్లలకు చూపించేదాన్ని. ఈ కప్పు మీద నీళ్ళు లేవు. సోమరాజు చెప్పింది నిజం."

జోగారావు ఈ మాటకోసమే కాచుకున్నవాడిలా జేబురుమాలు విప్పాడు. అందులో మసిబారిన ఇత్తడి బిరడా.

"ఇది ఆ కప్పులోంచి ముత్యాలరావుగారి ఎదుట విప్పించిన ప్లగ్గు. నడుమ తగరం చూడండి, పోసింది పోసినట్టే ఉంది. నీళ్ళు తగ్గితే ఇది కరగాలి. కరగలేదు. అంటే నీళ్ళు తగ్గలేదు! మీ మూడో ఫారంలో దీనికి పాఠం ఉందా?"

దేవకుమారి ప్లగ్గునూ కప్పునూ మార్చి మార్చి చూసింది. కప్పు రేకు ఒకటి చెబుతోంది, ప్లగ్గు దానికి పూర్తిగా అడ్డం తిరుగుతోంది. ఒకే పొయ్యిలో, జానెడు దూరంలో ఉన్న రెండు సాక్షుల్లో ఒకటి తప్పుడు సాక్షి. ఏది?

"ఎక్కడ కొన్నారండీ ఈ ప్లగ్గు?" అని నరసరాజును అడిగింది.

"మద్రాసు కంపెనీ సరుకమ్మా. నికార్సయిన తగరం. నిరుడు దసరాకు బాయిలరు కడిగించినప్పుడు బిగించాం."

"ముత్యాలరావుగారూ, విన్నారు కదా?"

"విన్నానండి."

ఆమె నిచ్చెన వేయించుకుని బాయిలరు పైకెక్కింది. సోమవారంనాడు పొయ్యిలోంచి ఎగిరిన ఊక మసి షెడ్డంతా పరుచుకుని ఉంది. దూలాల మీద, గొట్టాల మీద, వాల్వు మీద, లివరు మీద వేలు పెడితే వేలిముద్ర పడేంత మందం. తీగ మీద మాత్రం లేదు. తీగ తళతళ మెరుస్తోంది. జడలోంచి పిన్ను తీసి, తీగ ఒక చుట్టు పైకెత్తింది. దాని కింద లివరు మీద మసి, పొర చెదరకుండా, తీగ ఒత్తిడికి అణిగి ఉంది.

"ముత్యాలరావుగారూ, ఒక్కసారి పైకి రండి. ఈ తీగను మీవాళ్ళెవరైనా తుడిచారా?"

"లేదండి. నేను వచ్చేసరికే కట్టి ఉంది. ఎవర్నీ ముట్టనివ్వలేదు."

"పేలినప్పుడు ఎగిరిన మసి తీగ మీద పడకుండా తీగ కిందికి ఎలా దూరిందండీ? ముందు మసి పడింది. తరవాత తీగ కట్టారు. పెద్దింటమ్మ శవం ఇంకా షెడ్డులో ఉండగానే ఎవరో నిచ్చెనెక్కి దీన్ని తీరిగ్గా చుట్టారు."

చివరి మాట ఆమె ఎంత మెల్లిగా అందో, కింద ఉన్న ఇద్దరూ తలెత్తి వినవలసి వచ్చింది. నరసరాజు పంచె కుచ్చెళ్ళు సర్దుకున్నాడు. జోగారావు యజమానివైపు ఒక్క క్షణం చూసి, చూపు తిప్పుకున్నాడు.

"తీగ సంగతి తీగ చూసుకుంటుంది," అన్నాడు బింకంగా. "ప్లగ్గు ఉందిగా! ప్లగ్గు కరగనంతవరకూ నీళ్ళు తగ్గాయన్న కథ చెల్లదు. మీ సోమరాజు ఏదో ఒకటి చేశాడు."

ఆమె దిగివచ్చి ప్లగ్గు చేతిలోకి తీసుకుంది. అంచున అంటిన మసిని చెంగుతో తుడిచింది. ఇత్తడి అంచు మీదికి తగరం పలచగా పాకి ఉంది. ఆ పూత మీద సన్నటి గీతలు. ఒకదాని వెంట ఒకటి గుండ్రంగా తిరిగిన గీతలు. దేవకుమారి చెయ్యి ఆగిపోయింది.

"జోగారావుగారూ, మీరెప్పుడైనా వంటింట్లో గిన్నె తోమారా?"

"ఏమిటా ప్రశ్న?"

"తోమి ఉంటే నన్ను అడగనక్కరలేకపోయేది." ఆమె ముత్యాలరావువైపు తిరిగింది. "ఈ ప్లగ్గుకు ఒక కానిస్టేబుల్‌ను తోడిచ్చి నాతో ఏలూరు పంపండి. రేపు ఉదయం మీరు ముగ్గురూ మా ఇంటికి రండి. ఈ తగరం ఎందుకు కరగలేదో, కరగమని నిప్పు మీద పెట్టి దాన్నే అడుగుదాం. మేజిస్ట్రేటు మధ్యాహ్నం కదా కూర్చునేది."

"తప్పకుండా వస్తాం," అన్నాడు జోగారావు. "భూతద్దం తమాషా చూసి చాలాకాలమైంది."

బయటికి నడుస్తూ ఆమె పొయ్యి పక్కన ఆగింది. ఊక కుప్ప చెక్కుచెదరలేదు. ఊక పార గోడకు ఆనించి, ఆనించినట్టే ఉంది.

స్టేషనుకు పోయే దారిలో కానిస్టేబుల్‌ను అడిగింది: "ఈ ఊళ్ళో గిన్నెలకు కళాయి వేసేది ఎవరయ్యా?"

*

ఏలూరు పవరుపేటలో దేవకుమారి ఇంటి ముందుగదిలో, కిటికీ పక్క బల్లమీద, లోహాల ముక్కలు చూసే మైక్రోస్కోపు ఒకటి ఉంది. రైల్వే వర్క్‌షాపు వదిలి సీమకు పోతూ ఒక దొర అమ్మేసినది. దాని కింద ముక్క పెట్టే పలకకు ఆమె నిక్రోమ్ తీగ చుట్టి, కరెంటుతో వేడెక్కే ఏర్పాటు చేసుకుంది. పక్కనే ఉష్ణమాపకం. లోహం వేడెక్కుతుంటే దాని కడుపులో ఏం మారుతోందో, మారుతుండగానే చూడవచ్చు.

శుక్రవారం ఉదయం నరసరాజు కారులో ముగ్గురూ వచ్చారు.

"ఇంతకంటే వెయ్యిరెట్లు చిన్నవాటిని ఎలక్ట్రాన్లతో చూసే యంత్రాలు విదేశాల్లో వచ్చాయట," అంది దేవకుమారి స్విచ్చి వేస్తూ. "ఈ నేరానికి అంత అక్కర్లేదు. ఇది పెద్ద నేరం. జోగారావుగారూ, ముందు మీరు. ఇది కాలేజీ లేబొరేటరీనుంచి తెచ్చిన శుద్ధమైన తగరం. నున్నగా సానబట్టి, యాసిడ్ అద్దాను."

జోగారావు కర్ర గోడకు ఆనించి, కుర్చీలో ఇరుగ్గా కూర్చుని, ఒక కన్ను మూసి వంగాడు.

"ఏం కనపడుతోంది?"

"బీటలు వారిన చెరువు మట్టిలాగా... గళ్ళు గళ్ళుగా."

"అవి తగరం రేణువులు. చూస్తూ ఉండండి. వేడి ఎక్కుతోంది."

కాసేపటికి జోగారావు తనకు తెలియకుండానే మాట్లాడసాగాడు.

"కదులుతున్నాయి! పెద్ద గడి చిన్న గడిని మింగేస్తోంది... గట్టు జరుగుతోంది... ఇదేమిటి, ప్రాణమున్నట్టు... అరెరె! పోయింది. మొత్తం ఒక్క చుక్కై జారిపోయింది!"

"కరిగింది. అది దాని ధర్మం." ఆమె పలక చల్లార్చి ఇంకో ముక్క పెట్టింది. "ఇది మీ ప్లగ్గులోంచి నిన్న కానిస్టేబుల్ ఎదుట కోసిన పలచటి బిళ్ళ. ఇప్పుడు చూడండి."

"ఇందులోనూ గళ్ళే. కానీ గట్లు నల్లగా ఉన్నాయి. వల పరిచినట్టుంది."

"ఆ వల దారం మందం వెంట్రుకలో యాభయ్యో వంతు ఉండదు. చూస్తూ ఉండండి."

వేడి ఎక్కింది. శుద్ధమైన తగరం జారిపోయిన అంకె దాటింది. ఇంకా ఎక్కింది. జోగారావు మెడ నరాలు బిగుసుకున్నాయి.

"గళ్ళలో తగరం మెరుస్తోంది... వణుకుతోంది. నీళ్ళలా ఉంది. కానీ జారటంలేదు. వల పట్టుకుంది దాన్ని! ఒక్కో గడిలో ఒక్కో చుక్క, పట్టిన చేపలాగా..." ఆయన తల ఎత్తాడు. ముఖంలో వెటకారం ఎటో పోయింది. "ఇంకా వేడి పెంచండి."

పెంచింది. వల తెగలేదు.

ముత్యాలరావు కూడా చూశాడు. నరసరాజును చూడమంటే కళ్ళజోడు తేలేదన్నాడు. కళ్ళజోడు ఆయన ముక్కుమీదే ఉంది.

"ఈ నల్లటి వల ఏమిటి?" అడిగాడు జోగారావు. ఈసారి అది నిజంగా తెలుసుకోవాలన్న ప్రశ్న.

"తుత్తునాగం, అదే జింకు. కొద్దిగా కలిపినా అది తగరం రేణువుల గట్ల వెంబడే చేరుతుంది. నెలల తరబడి బాయిలరు నీళ్ళు తగిలి ఆ గట్లు తుప్పై, రాయై పోతాయి. లోపల తగరం కరిగినా బయటికి దారి ఉండదు. కప్పు రేకు ఎర్రగా కాలి జారుతుంటే, ఈ ప్లగ్గు లోపల కరిగిన తగరాన్ని కడుపులో పెట్టుకుని నోరు మూసుకు కూర్చుంది. అందుకే నీళ్ళు తగ్గినా ప్లగ్గు కరగలేదు. నీళ్ళు తగ్గలేదనడానికి మీరు చూపించిన సాక్షి తప్పుడు సాక్షండీ. దాన్ని అలా తయారుచేశారు." ఆమె వరండావైపు తిరిగి పిలిచింది. "మత్తయీ, లోపలికి రా."

లుంగీ పైకి కట్టుకున్న బక్కమనిషి గుమ్మంలో నిలబడ్డాడు. కళాయికి వాడే నవాసాగరం ఒరుసుకుని చేతివేళ్ళు తెల్లబారాయి. తాడేపల్లిగూడెంలో గిన్నెలకు కళాయి వేసే మత్తయి. నరసరాజును చూడగానే అతని చూపు నేలకు దిగింది.

"ఈ బిరడా ఎప్పుడైనా చూశావా?"

"చూశానండి. నేనే పోశానండి. నిరుడు దసరా వారంలో రాజుగారి గుమస్తా ఇంటికొచ్చి తీసుకెళ్ళాడండి."

"అంచున దూదితో గుండ్రంగా తుడిచిన గీతలు చూసి కనిపెట్టాను," అంది దేవకుమారి జోగారావుతో. "కొత్తగా కళాయి వేయించిన ప్రతి గిన్నెలోనూ ఉంటాయి. మద్రాసు కంపెనీవాడు దూదితో తుడవడు. మత్తయీ, ఇదేమిటని చెప్పారు నీకు?"

"ఏదీ చెప్పలేదండి. బిరడా అన్నారండి. పాతది చెమరుస్తుందని, ఊరికే మిల్లు ఆపాల్సొస్తుందని, మద్రాసు పంపితే కోతల నాటికి తిరిగిరాదని రాజుగారన్నారండి. 'ఏవిటో చేసుకో, మళ్ళీ ఎన్నడూ కారకూడదు' అన్నారండి. ఒట్టి తగరం మెత్తనండి. చిల్లు గిన్నెలకు మాట్లేసేటప్పుడు గట్టిగా ఉంటుందని టార్చిలైటు సెల్లు డొప్పలు కరిగించి కలుపుతామండి. వంటగిన్నె లోపలికి కలపమండి, దేవుడి తోడు! ఇదీ అట్టాగే గట్టిగా పోశానండి. చెప్పినట్టే చేశానండి. ఇది కరగాల్సిందని నాకెవరూ చెప్పలేదండీ!"

సెల్లు డొప్ప తుత్తునాగమే. గదిలో ఎవరికీ ఆ మాట విడమరిచి చెప్పనక్కరలేకపోయింది.

కరగడమే పనిగా పుట్టినదాన్ని ఎన్నడూ కారకుండా పొయ్యమన్న మనిషి లేచి నిలబడ్డాడు.

"కళాయివాడి మాట పట్టుకుని పెద్దమనుషుల్ని..."

"కూర్చోండి," అంది దేవకుమారి. "మీరు తెలిసి చంపారు నరసరాజుగారూ. ప్లగ్గు పనిచెయ్యదని తెలుసు. నీళ్ళు అడుగంటాయని తెలుసు. తెలిసే పొయ్యి మండనిచ్చారు. అది హత్య. ముత్యాలరావుగారూ, సోమరాజు మీద మోపిన నేరం చోటు మారిందంతే. రాసుకోండి."

"తెలీదు!" అని అరిచాడు నరసరాజు. మెత్తటి మాట ఎక్కడ జారిపోయిందో ఆయనకే తెలీదు. "హత్యేమిటి? దేవుడి సాక్షిగా ప్లగ్గు కరుగుతుందనే నమ్మాను! కారకుండా గట్టిగా పోస్తే వేడికి కూడా కరగదని నాకేం తెలుసు? సోమరాజు వచ్చి నీళ్ళు లేవని చెప్పినప్పుడు కూడా, ప్లగ్గుందిగా అనే కదా ధైర్యం చెప్పి పంపాను! నమ్మకపోతే అలా ఎందుకంటాను?"

మాట పూర్తయ్యాక గాని ఏమన్నాడో ఆయనకు వినపడలేదు.

"ఆ పొద్దున్న సోమరాజు మీ గుమ్మం తొక్కలేదన్నారు నిన్న," అన్నాడు ముత్యాలరావు నెమ్మదిగా. "ప్రమాణం కూడా చేస్తానన్నారు."

దేవకుమారి కుర్చీలోంచి లేచింది. ఆమె గొంతు ఇప్పుడు పూర్తిగా అడుగంటింది.

"మీకు తెలీదన్నది నిజమేనని నాకూ తెలుసు. మీ నోట నిజం రప్పించడానికే హత్య అన్నాను. మీరు చేసింది మూర్ఖత్వం. ఆ రోజే 'నావల్ల ఒక ప్రాణం పోయింది' అని ఒప్పుకుని ఉంటే, మిమ్మల్ని చూసి జాలిపడేదాన్ని. మీరేం చేశారు? సోమరాజు కాలిన చేతులతో పెళ్ళాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంటే, అతని నెత్తిన పెట్టడానికి తీగ ముక్క వెతికారు. అందుకు జాలి లేదు. అందుకు క్షమాపణ కూడా లేదు, నా దగ్గర."

జోగారావు కర్ర అందుకున్నాడు. పాతికేళ్ళ ఖాకీ ఉద్యోగం ఒక్కసారిగా ఆయన భుజాల్లోకి తిరిగొచ్చింది. దేవకుమారికి ఏమీ చెప్పలేదు. ఓడిపోయానని కూడా అనలేదు. తనను పిలిపించినవాడి ఎదుట నిలబడ్డాడు.

"ఆ తీగ ఎప్పుడు కట్టారు రాజుగారూ? ఆ ఒక్క ప్రశ్న పంతులమ్మగారిది కాదు. నాది. నన్ను పిలిపించకముందా, పిలిపించాకా?"



"ముందే," అన్నాడు నరసరాజు చివరికి. "జనం నీళ్ళకోసం పరిగెత్తినప్పుడు."

*

మేజిస్ట్రేటు కోర్టులో ఆ మధ్యాహ్నం నిలబడవలసిన ముద్దాయి మారాడు. ముత్యాలరావు ఆసుపత్రికి స్వయంగా వచ్చి, కానిస్టేబుల్ చేతిలోంచి తాళంచెవి తీసుకుని బేడీ విప్పాడు. టోపీ చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు.

కట్టు కట్టిన చేతిని సోమరాజు కొత్తగా చూసినట్టు చూసుకున్నాడు. జరిగినదంతా దేవకుమారి చెప్పింది. అతను వింటున్నాడో లేదో తెలియలేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు.

"నే చెప్పినందుకే నిలబడిందాండీ అక్కడ, ఆఖరుదాకా?"

అబద్ధం చెప్పి ఓదార్చడం దేవకుమారికి చేతకాదు. నిజం ఇంత బరువుగా ఉంటుందని ఆమెకు ముందే తెలుసు.

"నిలబడింది. ఊక కుప్ప కదల్లేదు. పార గోడకు ఆనించే ఉంది. ఒక్క పిడికెడు వెయ్యనివ్వలేదు. ఆ మిల్లులో ఆ పొద్దున్న తన పని తాను సరిగ్గా చేసింది పెద్దింటమ్మ ఒక్కతే. కోర్టులో ఈ మాట నేను చెబుతాను. అందరూ వినేట్టు చెబుతాను."

సోమరాజు అప్పుడు ఏడ్చాడు. ఆమె వారించలేదు.

దుర్గమ్మ లేచి దేవకుమారి కుర్చీ వెనక్కి వచ్చి నిలబడింది. వలలు లాగి లాగి మొద్దుబారిన చెయ్యి వచ్చి, వీపుమీద నెరిసిన జడను తడిమింది. పిడికిట పట్టుకుంది. ఆ రోజు నీళ్ళలో పట్టుకున్నంత గట్టిగా. దేవకుమారి కదలలేదు; ఊపిరి కూడా బిగబట్టింది.

"సరిపోయిందమ్మా," అంది దుర్గమ్మ. "పానానికి పానం. ఇంక నాకేం బాకీ లేరు."

పిడికిలి విప్పింది. పాతికేళ్ళ తరవాత జడ వీపుమీద వదులుగా పడింది.